వట్టి ఆయ్

మా పెద్దమావయ్యగారు పోయారని కార్తీకమాసం చివర్లో అత్తయ్య ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే కొబ్బరితోటలోకి వెళ్ళొచ్చి, అరుగు మీద కూర్చుని కాఫీ అడిగారట. కాఫీ తెచ్చేసరికి లేరు. పెద్దవయసే. ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారని మొదట ఊరటగానే అనిపించింది.

రాజోలు దగ్గర గోదారి గట్టు కింద వాళ్ళ ఊరు. మేం హిందువులమే అయినా, మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఆయన పడవ. పిల్లలకి సెలవు, గోదారి తేటగా ఉండే రోజులు, అంతే. ఆ చలికి స్వెటర్లు అక్కర్లేదు. మావయ్యగారు తలకి తువ్వాలు చుట్టారంటే మాకు శీతాకాలం వచ్చినట్టు. పొద్దున్నే పక్కపేట క్రైస్తవుల ఇళ్ళ నుంచి కేకు వచ్చేది. అత్తయ్య రొయ్యల కూర క్యారేజీలో సర్దేది. ఆయన అరిటాకులు కోసి తెచ్చేవారు. మధ్యాహ్నం గోదారి మధ్యనున్న లంకలో, ఇసుక మీద భోజనాలు.

నది మధ్యకి వెళ్ళగానే ఇంజను ఆపేసేవారు. ఎవరైనా నోరు విప్పితే, "చూడ్డానికొచ్చేరు. మాటాడుకోడానికి ఇల్లుంది కదమ్మా" అనేవారు. మా అబ్బాయి ఓసారి ఏదో పొడుగుముక్కు పిట్టని చూపించి పేరడిగాడు. "అది నా పేరెప్పుడూ అడగలేదురా. నేనూ దాన్నడగలేదు" అన్నారు.

పోయిన డిసెంబరులో ఆయన ఫోను చేసినప్పుడు నేను హైదరాబాదులో, ఆఫీసు మీటింగులో ఉన్నాను.

"క్రిస్మస్‌కి పిల్లల్ని తీసుకుని వచ్చేస్తున్నారు కదమ్మా?"

"ఆయ్."

"పడవకి తారు కూడా పూయించేను."

"ఆయ్."

మావైపు ఆయ్ అంటే సరేనండి అని. వింటున్నానండి అని కూడా. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మర్యాదకి అంటూ ఉంటాం. నాది ఆ రెండోది. ఆయన మొదటిదనుకున్నారు. క్రిస్మస్ రోజు మేం ఆలస్యంగా లేచి ఇంట్లోనే ఉండిపోయాం. జనవరిలో నేను ఫోను చేసి నసిగితే, "పర్లేదమ్మా, ఆ రోజు గాలెక్కువ. వచ్చినా పడవ తీసేవాణ్ణి కాదు" అన్నారు. నమ్మేశాను. నమ్మితే నాకు సుఖం కదా.

పెద్దకర్మ నాడు అత్తయ్యని అడిగాను, ఆయనకి నా మీద కోపం వచ్చిందా అని.

"కోపమెందుకే? రెండింటిదాకా రేవులో కూర్చున్నారు. ఫోను చేద్దావండీ అంటే, దార్లో ఉంటారు, కంగారు పెట్టకు అన్నారు. తర్వాత లేచి, నాదే పొరపాటు, అమ్మాయిది వట్టి ఆయ్ అని నవ్వేరు. వండింది పాడైపోద్దని నన్నొక్కదాన్నే లంకకి తీసుకెళ్ళేరు."

"మరి గాలి?"

"గాలేదీ?" అంది అత్తయ్య. "మీ నలుగురి ఆకులూ ఇసుక మీద పరిచేరు. మేం తిని లేచేదాకా ఒక్కటీ కదల్లేదు."