బు వగియెమ్ ఐదు పక్కల తెర

బు వగియెమ్‌ని చూసి అయ్యో పాపం అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆవిడకి ఎవరి జాలీ అక్కర్లేదు. కుర్చీలు నిండాలి, అంతే.

జావాలో సలతిగా అనే మా ఊళ్ళో, కాలేజీ వెనక గేటుకి ఎదురుగా ఆవిడ టైపింగ్ కొట్టు. పెద్దావిడల్ని మేం బు అనే పిలుస్తాం. ఆరు కంప్యూటర్లు, ఆరు కుర్చీలు, గోడకి ఒక ఫ్యాను. పక్కనే నేను పనిచేసే జిరాక్సు కొట్టు. పిల్లలు ఆవిడ దగ్గర థీసిస్ టైపు చేసుకుని నా దగ్గర కాపీలు తీయించుకునేవాళ్ళు. తీస్తూ తీస్తూ నేనవి చదివేవాణ్ణి. నాకు ఆ కాలేజీలో సీటు రాలేదు గానీ, ఆ కాలేజీ థీసిస్‌లన్నీ చదివినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. కొన్నిటిని రాసినవాళ్ళు కూడా చదివినట్టు కనబడలేదు.

ఆ ఏడాది దొంగ సాఫ్ట్‌వేర్ కోసం పోలీసులు కొట్లు తనిఖీ చేస్తున్నారని కబురొచ్చింది. వచ్చిన పూటే వీధిలో షట్టర్లన్నీ దిగిపోయాయి. బు వగియెమ్ మాత్రం తలుపులు బార్లా తెరిచి, వేయించిన టెంపే సోయా ముక్కలు తింటూ గుమ్మంలో కూర్చుంది.

“మీదీ దించండి బూ” అన్నాను.

“ఎందుకూ? సొంత కొట్లో దొంగలా నక్కి కూర్చోడానికా? ఈ దొంగ డిస్కు పీకి పారేసి ఇంకోటి పెట్టే దారి ఉందా లేదా, అది చెప్పు.”

ఉంది. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన లినక్స్ డిస్కు, విండోస్‌కి బదులు ఎవరైనా ఊరికే వాడుకునేది, నా దగ్గరుంది. ఇద్దరం కలిసి ఆరింటికీ అదే ఎక్కించాం. తనిఖీకి ఎవరూ రాలేదు. ఎదుటి కొట్టువాడు కొన్నాళ్ళకి షట్టరెత్తి, మళ్ళీ అదే దొంగ సరుకుతో, ఈసారి తెర మీద గాజుపలకల్లా తళతళలాడే కిటికీలతో వ్యాపారం మొదలెట్టాడు. మా తెరలు మాత్రం ముద్ద గోధుమరంగులో ఉండిపోయాయి.

“ఇదేంటి బూ, మట్టిగోడలా ఉంది?” అని ఒకమ్మాయి.

“వగియెమ్ కంప్యూటర్ కదే, అలాగే ఉంటుంది” అని దాని స్నేహితురాలు. ఇద్దరూ నవ్వుకుంటూ రోడ్డు దాటారు.

వగియెమ్ అనే పేరు ఇప్పుడెవరూ ఆడపిల్లలకి పెట్టుకోవడం లేదు. సంతలో ఆకుకూరలమ్మే ముసలమ్మలకి ఉండే పేరది. ఆవిడ ముందు ఎవరు ఆ మాటన్నా వినీ విననట్టు కీబోర్డు తుడుచుకునేది. కానీ కుర్చీలు ఖాళీ అయ్యాయి. గది యజమాని పాక్ జుబాయిది, అంటే జుబాయిది గారు, వచ్చి ఫ్యాను కింద నిలబడి తేల్చి చెప్పాడు.

“చూడమ్మా, ఈ థీసిస్‌ల సీజను అయ్యేలోపు కుర్చీలు నిండాలి. లేదంటే గది ఫోన్ రీచార్జి కుర్రాడికి ఇచ్చేస్తా. నా మాట విని పాత డిస్కే పెట్టుకోరాదూ? అందరూ చేస్తున్నదేగా.”

“అందరూ చేస్తున్నారుగా, నేనెందుకు మళ్ళీ?” అంది ఆవిడ.

ఆ వారమే కాలేజీ మైదానంలో లినక్స్ క్లబ్బువాళ్ళు బల్ల వేశారు. నేనూ ఆవిడా వెళ్ళాం. అక్కడ తెర మీద చూశాం. కిటికీని పట్టుకుని లాగితే జెల్లీ ముక్కలా వణికింది. రెండు మీటలు నొక్కి మౌస్ కదిపితే తెర మొత్తం పెట్టెలా మారి గిర్రున తిరిగింది. ఒక్కో పక్క ఒక్కో పని. ఆవిడ నోరు తెరిచింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

“ఇది నా వాటికీ పెట్టు బాబూ” అంది క్లబ్బు నాయకుడితో. వాడి పేరు గలీహ్. ఇంజనీరింగ్ మూడో ఏడు.

“ఇది ఆఖరి పాఠం బూ. ముందు ఆదేశాలు టైపు చేయడం నేర్చుకోవాలి. ఈ తళుకులు మొదలెట్టేవాళ్ళకి కాదు. అయినా మీ పాత డబ్బాలు మోయలేవు. మీకెందుకండీ ఇవన్నీ?”

“ఎందుకా? బాగుంది గనక.”

“బాగుండటం ఒక కారణమా?”

“నీ చొక్కా మీద ఆ పెంగ్విన్ బొమ్మ ఎందుకు మరి? చలేస్తోందా?”

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. గలీహ్ నవ్వలేదు. వాడలా మొహం మాడ్చుకోవడం నాకు పాయసం తిన్నంత హాయిగా ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నా వైపు చూసి, “నువ్వు చేస్తావు” అంది. అడగలేదు, చెప్పింది.

మా ఊళ్ళో అప్పటికి ఇంటర్నెట్టు నత్తనడక. అందుకని లినక్స్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ డిస్కుల కట్టగా క్లబ్బువాళ్ళ దగ్గర ఉండేవి. విద్యార్థి కార్డు చూపిస్తేనే అరువిస్తారు. నాకు లేదు. బు వగియెమ్ విద్యార్థిది కాకపోయినా తన గుర్తింపు కార్డే వాళ్ళ బల్ల మీద పడేసి కట్ట పట్టుకొచ్చింది.

“మొదటి పని ఏంటి?”

“తెర మీద బొమ్మ గీసే చిప్పు ఒకటుంటుంది బూ. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము పెట్టాలి. అది లేకుండా ఏ ఎఫెక్టూ నడవదు.”

“పెట్టు. నేను చూస్తా. రెండోదానికి నేను పెడతా, నువ్వు చూడు.”

ఆరింటిలో మూడిటి చిప్పులే ఆ బరువు మోస్తాయని తేలింది. మిగతా మూడూ తెల్లమొహం వేశాయి. తరవాత ఎఫెక్టుల ప్రోగ్రాము ఎక్కించాం, సెట్టింగుల పెట్టె తెరిచాం. కిటికీ వణకడం అన్న చోట గడి నింపాం. ఆవిడ ఒక ఖాళీ కిటికీని పట్టుకుని ఆ మూల నించి ఈ మూలకి లాగుతూ కూర్చుంది. టీ చల్లారిపోయింది. యాభై దాటిన మనిషి ఉయ్యాలెక్కిన పిల్లలా కిసుక్కుమంటోంది. నాకు కళ్ళు చెమర్చాయని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

పొద్దున వచ్చి మిషను ఆన్ చేస్తే కిటికీలకి పైపట్టీలు లేవు. పట్టుకుని లాగడానికి లేదు, మూయడానికి గుర్తు లేదు. తెరిచిన కిటికీ తెరిచినట్టే మొద్దులా నిలబడింది.

“వీటి తలకాయలెవరు నరికారురా?” అంది ఆవిడ.

నాకు తెలియలేదు. పత్రికలన్నీ తిరగేశాను. ఆ పత్రికలు రాసేవాళ్ళ మిషన్లకి తలకాయలు ఎప్పుడూ పోవు. ఆఖరికి సిగ్గు చంపుకుని క్లబ్బువాళ్ళ మెయిల్ గుంపులో అడిగాను. గలీహ్ నించి ఒక్క ముక్క వచ్చింది: ముందు చదువు, తరవాత అడుగు. అది వాళ్ళ ఆచారం. కొత్తగా వచ్చినవాడెవడైనా ఆ మాట తినాలి. తిని తిని, రెండేళ్ళ తరవాత ఇంకొకడికి పెట్టాలి.

నేనా జవాబు చదివి వినిపించాను. బు వగియెమ్ లేచింది. కంప్యూటర్ తీగలు పీకింది. బయటికెళ్ళి సైకిల్ రిక్షా పిలిచింది. డబ్బా, తెర, కీబోర్డు అన్నీ అందులోకెక్కించి తను పక్కన కూర్చుంది. నేను వెనక నడిచాను.

గురువారం సాయంత్రాలు క్లబ్బువాళ్ళు తమ గది వసారాలో చేరతారు. చాప మీద టీ గ్లాసులు, అల్లం వాసన, అరటాకు పొట్లాల్లో అన్నం. ఆ గ్లాసుల మధ్య ఆవిడ డబ్బా దింపింది.

“చదవమన్నావుగా. నేను చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వు చదివి చెప్పు.”

“బూ, ఇక్కడ ఒక పద్ధతుంది...” అన్నాడు గలీహ్.

“నాకూ ఒకటుంది. గుమ్మంలోకొచ్చినవాణ్ణి చదువుకుని రమ్మని తిప్పి పంపను. మీ సీనియర్లు సగం మంది నా కొట్లో మౌస్ ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నవాళ్ళే. ప్లగ్గెక్కడ?”

ప్లగ్గు చూపించింది ఎవరో నాకు గుర్తులేదు. మిషను వెలిగింది. తలల్లేని కిటికీలు కనిపించాయి. పాడైన యంత్రం ఎదురుగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చోగలిగినవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. అందరి వేళ్ళూ దురద పెట్టాయి. అన్నిటికన్నా ముందు గలీహ్‌వే.

“పైపట్టీ గీసే ప్రోగ్రాము వేరే ఉంటుంది. మిషను మొదలైనప్పుడు దాన్నీ లేపమని చెప్పలేదు మీరు” అంటూ ఒక లైను కొట్టాడు. కిటికీలన్నిటికీ తలలు మొలిచాయి.

“ఆ లైను మళ్ళీ కొట్టు, మెల్లగా” అంది. వాడు కొట్టాడు. మూడోసారి ఆవిడే కొట్టింది.

“తిరిగే పెట్టె కూడా పెట్టేశా. నాలుగు పక్కలు” అన్నాడు గలీహ్.

“ఐదు చెయ్యి.”

“అలా కుదరదు బూ. పెట్టె అంటే చుట్టూ నాలుగే.”

“ఐదు పెడితే పేలుతుందా?”

“పేలదు గానీ...”

“మరి పెట్టవేం?”

మా జావావాళ్ళకి వారాలు రెండు. ఏడు రోజులది బడులకీ ఆఫీసులకీ. ఐదు రోజులది సంతలకీ, పుట్టుకలకీ, పెళ్ళి ముహూర్తాలకీ. లెగి, పాహింగ్, పోన్, వగే, క్లివోన్. ఎంత చదువుకున్నవాడికైనా తను పుట్టిన రోజు ఈ ఐదింటిలో ఏదో వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది. రోజుకో దిక్కు, దిక్కుకో రంగు. బు వగియెమ్ పుట్టింది వగే నాడు. దాని రంగు నలుపు. ఆ పేరు అక్కణ్ణించే వచ్చింది.

“తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు. క్లివోన్‌కి నాలుగూ కలిపి. ఒక్కో పక్కకి ఒక్కోటి” అని చెప్పింది. “వగియెమ్ కంప్యూటరన్నారుగా. అలాగే ఉండనీ.”

గలీహ్ నాలుగు చెరిపి ఐదు వేశాడు. తిప్పాడు. తెర ఐదు పలకల స్తంభమై తిరిగింది. పక్కకో రంగు పెట్టాలంటే తెర మీది ఐకాన్ బొమ్మలన్నీ తీసేయాల్సి వచ్చింది. “పోనీ, ఈగలు తోలినట్టుంది” అంది ఆవిడ. రంగులు పడ్డాక గలీహ్ మళ్ళీ ఒకసారి తిప్పాడు. ఎర్ర పక్క దగ్గర ఆపాడు.

“అది పెట్టె మాత్రం కాదు” అన్నాడు.

“నేను పెట్టె అడిగానా? నీదేది?”

వాడు కాస్త నసిగాడు. “పాహింగ్.”

“ఎర్ర దగ్గర ఆపినప్పుడే అనుకున్నా.”

ఆ రాత్రే మిగతా రెండిటికీ ఆవిడే అలా పెట్టేసింది. మర్నాటి నించి పిల్లలొచ్చారు. ముందు నవ్వడానికే వచ్చారు. నాది లెగి, నాది పోన్ అంటూ తిప్పారు. తిప్పినవాళ్ళలో కొందరు కూర్చుని టైపు చేశారు. తిరిగే మూడిటి దగ్గర వంతు రానివాళ్ళు తిరగని మూడిటి దగ్గర కూర్చున్నారు. దొంగ సరుకు పెట్టుకున్న ఎదుటి కొట్టులో వణికే కిటికీ లేదు, తిరిగే తెర లేదు.

సీజను ముగుస్తుండగా పాక్ జుబాయిది వచ్చాడు. ఐదు కుర్చీల్లో మనుషులున్నారు. ఆయన ముక్కు చిట్లించాడు.

“ఇందులో పని చేసేదెందరు, బొంగరం తిప్పేదెందరు?”

“కుర్చీలు నింపమన్నారు. నింపాను.”

“సర్లే, ఉండు. కానీ ఆ బొంగరాలు తీసెయ్. ఆ మూడిటికీ పాత డిస్కు పెట్టు. మా మేనల్లుడు వచ్చి పెడతాడు. అప్పుడు గదంతా నీదే.”

కుర్చీల్లోవాళ్ళు టైపింగ్ ఆపారు. ఒప్పుకోండి బూ అని నా నాలిక చివరిదాకా వచ్చింది. గది పోతే ఆవిడకి ఇంకేం లేదు.

“తియ్యను” అంది.

“ఏంటీ?”

“తియ్యను. డిస్కూ పెట్టను. నా మిషన్లలో ఉన్నది నేను అడిగి తెచ్చుకున్నది. ఎవడొచ్చినా తెరిచి చూపిస్తాను. మీ గది మీకు కావాలంటే తీసుకోండి.”

ఆయన అప్పటికప్పుడు గెంటేయలేదు. అలాగని వదల్లేదు కూడా. మరుసటి వారం వడ్రంగి వచ్చి గది మధ్యలో నడుమెత్తున ప్లైవుడ్ గోడ కట్టాడు. వెనక సగం, కిటికీ ఉన్నది, రీచార్జి కుర్రాడికి. గుమ్మం వైపు సగం ఆవిడకి. ఆరు మిషన్లు పట్టవు. తిరగని మూడూ మా ఇంటి అటక మీదకి చేరాయి. ఇది గెలుపని నేననను. ఆవిడా అనదు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, కానీ మునుపటంత మంది కాదు.

ఒకటి మాత్రం చేసింది. మూడు తెరల్నీ గోడవైపు కాకుండా, నడుమెత్తు ప్లైవుడ్ మీదుగా రీచార్జి కుర్రాడి బల్లకి ఎదురుగా తిప్పి పెట్టింది. వాడి దగ్గర నిలబడినవాళ్ళంతా ఫోను సంగతి మరిచి మెడలు సారించి ఇటే చూస్తారు. రెండో రోజే పాక్ జుబాయిది దూసుకొచ్చాడు.

“వాటిని అటు తిప్పవమ్మా. వాడి గిరాకీ చెడుతోందిట!”

బు వగియెమ్ మౌస్ పట్టుకుంది. నల్ల పక్క ముందుకొచ్చింది, వెనకే తెల్లది.

“అటు సగంలో వాడి ఇష్టం” అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “ఇటు సగం నాది. మీరు లెగి నాడు పుట్టారా, పోన్ నాడా? చెప్తే అక్కడ ఆపుతా.”