ఎగిరిపోయిన తంగేడు పూలు

2004 అక్టోబరు మొదట్లో నేను కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారికి లోపలి అడవిలో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నాను. రేంజి ఆఫీసరుకు కింద, బీటు గార్డులకు పైన. అంటే రెండు వైపుల నుంచీ తిట్లు అందే హోదా. అడవి మధ్యలో చెట్లు లేని గడ్డినేలను మా మ్యాపుల్లో 'బ్లాంకు' అంటాం. అలాంటి బ్లాంకు ఒకటి టేకు మొక్కల కోసం ఆ వారంలోనే దున్నించాలని ఆర్డరు వచ్చింది.

దాని అంచు పొడవునా తంగేడు పొదలు. చుట్టుపక్కల తంగేడు ఇంకెక్కడా మిగల్లేదు. మా నర్సరీలో కూలికి వచ్చే రాజమ్మ, బతుకమ్మ అయ్యేదాకా వాటి జోలికి పోవద్దని ఊరి ఆడవాళ్లందరి తరఫునా అడిగింది. సరేనన్నాను. మాటైతే ఇచ్చాను గానీ దున్నకం ఆపే అధికారం డివిజన్ ఆఫీసరు గారిది. మర్నాడు, మబ్బు పట్టిన పొద్దున, అటు జీపులో పోతూ చూస్తే పొదలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. దిగకుండానే 'తంగేడు విరగబూసింది, మూడు వారాలు వాయిదా వేయవచ్చు' అని రిపోర్టు రాసి పంపాను.

రిపోర్టు పంపిన రెండో రోజు ఉదయమే డివిజన్ ఆఫీసరు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. నేను గొప్పగా పొదలు చూపించాను. ఒక పువ్వు తెంపుదామని ఆయన కొమ్మ వంచారు. పూలన్నీ లేచి ఎగిరిపోయాయి. రెక్కలు ముడుచుకుని కూర్చున్న పసుపుపచ్చ సీతాకోకచిలుకలవి, గడ్డిలో ఎప్పుడూ తిరిగేవే. పువ్వుకూ పురుగుకూ తేడా తెలియని ఫారెస్టు వాణ్ణి నేను!

"నీ తంగేడు ఏ బీటుకు బదిలీ అయిందయ్యా?" అన్నారాయన. డ్రైవరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

ఇక దున్నకం ఖాయమనుకున్నాను. అప్పుడు, నర్సరీ కూలీలతో వెనక నిలబడి ఉన్న రాజమ్మ ముందుకొచ్చి ఆకులు తిరగేసింది. వాటి వెనక సన్నటి ఆకుపచ్చ పురుగులు.

"ఆ సీతాకోకలు ఊకె రాలే సారూ. తంగేడు ఆకు మీదనే గుడ్లు పెడతయ్. గీ మొగ్గలు చూడున్రి, పది దినాల్లో పూస్తయ్."

ఆయన మొగ్గను వేళ్లతో నొక్కి చూశారు. జీపు బానెట్ మీద నా రిపోర్టు పరిచి, 'విరగబూసింది' కొట్టేసి, 'మొగ్గ తొడిగింది. చూపినవారు రాజమ్మ' అని రాసి, వాయిదాకు సంతకం పెట్టారు.

తంగేడు తొమ్మిదో రోజే పూసింది. రాజమ్మ మొదటి కొమ్మ తెచ్చి, ఊపి మరీ నా చేతికిచ్చింది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా జీపులోంచి చూసి ఏదీ రాయలేదు. దిగి, కొమ్మ ఊపి, ఎగరకుండా మిగిలినదాన్నే పువ్వని రాశాను.