డూప్లికేట్ నొప్పి

మా ఇంట్లో ఒరిజినల్ మా ఆయనకు, డూప్లికేట్ నాకు. మాత్రల సంగతే చెప్తున్నాను. మిగతావి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

కృష్ణగిరిలో నాకు జ్ఞానదంతం పీకించినారు. అది అడ్డంగా మొలిచింది. డాక్టరమ్మ చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీసింది. మా ఆయన హోసూరులో షిఫ్టుకు పోయినాడు, అందుకని నాతో మా అత్త వచ్చింది. "వాపుకూ నొప్పికీ ఈ మాత్ర. జనరిక్ అయినా, పెద్ద కంపెనీ పేరుతో వచ్చేదైనా లోపల మందు ఒకటేనమ్మా. ఏది దొరికితే అది, తిన్నాకే వేసుకో" అని చీటీ రాసిచ్చింది డాక్టరమ్మ.

మెడికల్ షాపాయన అడిగినాడు, "కంపెనీదా, జనరిక్కా?" మా వైపు కంపెనీ అంటే ఫ్యాక్టరీ. మా అత్తకు ఆ మాట అట్లే వినబడింది. "కంపెనీ మాత్ర కంపెనీకి పోయేవాళ్ళకప్పా. మావాడికి పన్ను పీకినప్పుడు అదే కొన్నాము. ఇది ఇంట్లో కూర్చునేది, దీనికి డూప్లికేట్ చాలు" అనింది. అంగట్లో నలుగురు ఉన్నారు, ఒకాయన నవ్వినాడు కూడా. నా నోట్లో దూది ఉంది. దూది లేకపోయినా ఏమీ అనేదాన్ని కాదులే, అప్పటికి నాకింత నోరు లేదు.

ఇంటికొచ్చి అంబలి తాగి మాత్ర వేసుకున్నాను. కాసేపటికి నొప్పి దిగింది. గోడకానుకుని హాయిగా కూర్చున్నాను, అదే పాపమైపోయింది. సాయంత్రం మా ఆయన రాగానే అత్త చెప్పింది, "డూప్లికేట్ మాత్రకే తగ్గిందంటే అది డూప్లికేట్ నొప్పే కదరా." ఆయన పకపకా నవ్వినాడు. ఆ నవ్వును నేను ఈరోజుకీ క్షమించలేదు.

నోరు వాసన కొడుతుందని అత్త ఉప్పునీళ్ళ చెంబు చేతికిచ్చి, గట్టిగా పుక్కిలించమనింది. ఈరోజు వద్దని డాక్టరమ్మ చెప్పిందంటే, "డాక్టర్లు పుట్టకముందు మాకు పళ్ళు లేవా?" అని నిలబడి మరీ చేయించింది.

రెండు మూడు రోజులు పోయినాక అసలు నొప్పి మొదలైంది. దవడ నుంచి చెవిలోకి, చెవి నుంచి కణతకు. మాత్రకు కదల్లేదు. డాక్టరమ్మ దగ్గరికి పోదామని మా ఆయన్ని బతిమాలినాను. "అమ్మను అడుగు" అన్నాడు. అత్త బీరువా తెరిచి, కొడుక్కు మిగిలిన మాత్రల్లోంచి ఒకటి తుంచి ప్రసాదంలా ఇచ్చింది. "ఇది ఒరిజినల్. దీనికీ తగ్గకపోతే అప్పుడు చూద్దాం."

ఆ పూట నా మాత్ర మానేసి, దాన్ని వేసుకున్నాను. తగ్గలేదు. ఎట్లా తగ్గుతుంది, రెండూ ఒకటే మందైతే? ఆమె మాత్రం చక్కగా తేల్చేసింది: "ఒరిజినల్‌కే తగ్గలేదంటే అది నొప్పే కాదు, నాటకం." తగ్గితే దొంగనొప్పి, తగ్గకపోతే నాటకం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మరుసటి రోజు మా అత్త అన్నలు భోజనానికి వచ్చినారు. చెంపకు గుడ్డ కట్టుకుని రాగిముద్ద కెలికినాను, కోడిపులుసు చేసినాను. "ఏమ్మా, ఏమైంది?" అని వాళ్ళల్లో పెద్దాయన నన్ను అడిగితే, "దానికి వేషాలెక్కువలే అన్నా, నువ్వు తిను" అని నాకు బదులు అత్తే చెప్పింది.

వాళ్ళు తిని పడుకున్నాక నేనొక్కదాన్నే బస్సెక్కి పోయినాను. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "గుంతలో రక్తం గడ్డ మూతలా ఉండాలి, అది ఊడిపోయిందమ్మా. ఎముక కనబడుతోంది. గట్టిగా పుక్కిలించినావా?" అనింది. తలూపినాను. గుంత కడిగి లవంగం వాసన మందు పెట్టింది. నొప్పి అక్కడికక్కడే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇంకా నొస్తోందా?"

"లేదు డాక్టరమ్మా, తగ్గింది. అందుకే."

"ఏ మాత్ర వేసుకున్నావు?" అంటే రెండూ చూసినానని చెప్పినాను. "వాటి తప్పేమీ లేదు. ఇది మాత్రలకు లొంగే నొప్పి కాదు. మొదలైనప్పుడే మీవాళ్ళు తీసుకొని రావాల్సింది" అనింది.

ఇంటికొచ్చినాను. అత్త నా ముఖం చూసింది. "చూడరా, ఊరు తిరిగొచ్చేసరికి మాత్ర లేకుండానే పోయింది." మా ఆయన షిఫ్టుకు బూట్లు వేసుకుంటూ, "నేను ముందే అనుకున్నాను" అన్నాడు. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో నొప్పి అనే మాట ఎత్తకూడదని ఆ గుమ్మంలోనే నిశ్చయించుకున్నాను.

ఆ తరువాతి ఏడు నాకు కాన్పు నొప్పులు మొదలైనప్పుడు ఇద్దరూ హాల్లో టీవీ చూస్తున్నారు. అంగడికి పోయొస్తానని చెప్పి, బయటికొచ్చి ఆటో ఎక్కినాను. కూతురు పుట్టిందని మా ఆయనకు ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది.