దక్షిణానికి తిప్పిన సోలార్ ప్లేటు

మా బావ నా షెడ్డు కరెంటు వైరు కోసేసిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

శంషాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. మా నాన్న నేర్పిన పని. కరెంటు మీటరు మాత్రం మా ఆయన అన్న, అంటే మా బావ పేరున ఉంది. ఆయనకేమో ఆ షెడ్డు పడగొట్టి గదులు కట్టాలని, విమానాశ్రయంలో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇవ్వాలని ఆశ. నేను ఖాళీ చేయనన్నాను.

"చీకట్ల ఎట్ల చేస్తవో నేను గూడ చూస్త," అన్నాడు, కటింగ్ ప్లేయర్ జేబులో పెట్టుకుంటూ.

చీకట్లో అయ్యే పని కాదది. షటిల్‌లో ఇరుక్కున్న దారపు పోగు కనబడాలి, బియ్యపు గింజంత మరమేకు కనబడాలి. బట్టలు కుట్టే ఆడవాళ్లు పగలంతా మిషను తొక్కి, పొద్దుగూకాక నా దగ్గరికి తెస్తారు. తెల్లారేసరికి వాళ్లకది మళ్లీ కావాలి. సాయంత్రం వెలుగు లేకపోతే నా షెడ్డు మూతపడ్డట్టే. విమానాశ్రయం వైపు ఆకాశం మాత్రం రాత్రంతా తెల్లగా ఉంటుంది. అది చూస్తే ఇంకా కోపమొచ్చేది.

గగన్‌పహాడ్ పోయి ఒక సోలార్ ప్లేటు, బ్యాటరీ, కంట్రోలర్, పన్నెండు వోల్టుల ఎల్‌ఈడీ పట్టీలు తెచ్చుకున్నాను. మా ఆయన రేకుల మీదికెక్కి ప్లేటును తూర్పు ముఖంగా బిగించాడు. ఎందుకని నేనూ అడగలేదు. మా ఇంట్లో దేవుడి గూడు, వాకిలి, ఆఖరికి పొయ్యి దగ్గర నిలబడే మనిషి కూడా తూర్పుకే. సూర్యుడికి ఎదురుగా పెట్టామని మురిసిపోయి అత్తమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది.

మొదటి సాయంత్రం వెలుగు బాగానే వచ్చింది. కానీ ఒక మిషను విప్పి బిగించేలోగా పట్టీలు నీరసపడి ఆరిపోయాయి. రోజూ అదే తంతు. బావ గోడ అవతల నుంచి నవ్వాడు.

"ఇగ దాని మీద వడియాలు ఎండబెట్టుకో."

మర్నాడు పని మానేసి నిచ్చెన మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటగానే ఎండ ప్లేటు వీపు మీద పడుతోంది. పైగా చలికాలం, సూర్యుడు దక్షిణం పక్కగా ఒరిగి నడుస్తున్నాడు. మేమేమో పొద్దుటి ఎండకు దండం పెట్టుకుని, మిగతా ఎండంతా పారబోసుకుంటున్నాం. పానా తెచ్చి ప్లేటును నేనే దక్షిణానికి తిప్పాను.

కింద అత్తమ్మ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "అది యముని దిక్కు బిడ్డా. గట్ల పెడ్తరా ఎవలన్న?"

"యముడొచ్చినా జర వెలుగు కావాలె గద అత్తమ్మా," అన్నాను.

ఆమె నాతో మాటలు మానేసింది. నాకు బాధగానే ఉండేది. అయినా ప్లేటును మళ్లీ తూర్పుకు తిప్పలేదు. పట్టీలు ఇప్పుడు నా పని ముగిసేదాకా వెలుగుతున్నాయి మరి.

ఒక సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఇళ్లన్నీ చీకటయ్యాయి. కాసేపటికి అత్తమ్మ చేటలో బియ్యం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. నా వైపు చూడకుండానే పీట లాక్కుని, వెలుగు కింద కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆమె వెనకే బావ వచ్చి మా మధ్య నిలబడ్డాడు.

"వైరు మల్ల కలుపుత తియ్," అన్నాడు. "కానీ పొద్దూకంగనె షెడ్డు బంద్ చెయ్యాలె."

నేను గోడవైపు చూపించాను. ఆయన కోసేసిన వైరును రెండు మేకులకు కట్టి మిషన్ బెల్టులు వేలాడదీసుకున్నాను. "అది గిట్ల అక్కరకొచ్చింది బావా. వద్దు."

ఆయన ఏదో అనబోయాడు. అత్తమ్మ తలెత్తకుండానే అంది, "నీ నీడ బియ్యంల పడ్తుంది. జర పక్కకు జరుగు."

బావ జరిగాడు. నేను మిషను మరమేకు బిగించుకున్నాను.