మూసేసిన గవాచి

నైజాం పాలన ముగియడానికి ముందటి వానాకాలంలో మా బాపు స్నానాల గది గవాచిని మూసేశాడు. నల్గొండ దగ్గరి పల్లె మాది. గవాచి అంటే కిటికీ కూడా కాదు, సందులోకి తెరుచుకునే చిన్న కంత. ఆవిరి, పొగ, తడి అన్నీ దాంట్లోంచే బయటికి పోయేవి. దొరల మీద, నైజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్ళను వెతుకుతూ సర్కారు తుపాకులవాళ్ళు ఆ సందులో తిరగడం మొదలుపెట్టారు. స్నానం చేసే ఆడవాళ్ళ మీద వాళ్ళ కళ్ళు పడతాయని బాపు రాళ్ళు పేర్చి మట్టి మెత్తాడు. ఆ భయం తప్పని ఇప్పటికీ అనలేను. కానీ మట్టిగోడకు మన భయాలతో ఏం పని?

అమ్మ అప్పుడు పచ్చి బాలింత. ఆమెకూ తమ్ముడికీ రోజూ వేడివేడి నీళ్ళు, ఆపైన సాంబ్రాణి పొగ. పోయే దారి లేక ఆవిరంతా గోడలే తాగాయి. పూత ఉబ్బి పెళ్ళలుగా రాలింది, బూజు పట్టింది. గోడ నల్లబడినప్పుడల్లా అవ్వ, అంటే బాపు తల్లి, పెండ, ఎర్రమట్టి కలిపి అలికేది. బాలింత ఇంట్లో గోడ అలాగుంటే అరిష్టమట. తడి మీద తడి పూసి, ఆరడం లేదేమని గోడనే తిట్టేది. నాకు ఒళ్ళు మండేది. చిన్నపిల్లను, నా మాట ఎవరు వింటారు?

తమ్ముడికి దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి డొక్కలు ఎగరేసేవాడు. వాడు దక్కడని ఇంట్లో అందరికీ లోలోపల తెలుసు, ఎవరూ పైకి అనలేదు. వాకిట్లో నీళ్ళు పోద్దామంటే గాలి సోకుతుందని అవ్వ ఒప్పుకోలేదు. గవాచి తియ్యమని అమ్మ ఎంత బతిమాలినా బాపు తల వంచుకుని వెళ్ళిపోయేవాడు.

పోలీసు చర్య జరిగి నైజాం పాలన పోయింది. కబురు తెలిసిన పూటే బాపు గడ్డపారతో గవాచి తెరిచాడు. గోడ మెల్లగా ఆరింది, తమ్ముడు కడుపునిండా పాలు తాగాడు. బతికామనుకున్నాం. ఏం బతుకు! ఆ సంఘం వాళ్ళ కోసమే ఈసారి మిలిట్రీ దిగింది. సందు అదే, బూట్లు వేరు. బాపు మళ్ళీ మట్టి తొక్కాడు.

అమ్మ బిడ్డనెత్తుకుని గవాచికి అడ్డంగా నిలబడింది.

"మూస్తె మమ్ముల గూడ లోపలేసి మూయి. వీడు ఊపిరాడక సచ్చుడు నేను సూడలేను."

బాపు చేతులు కడుక్కుని సందులోకి వెళ్ళి, గాలికి చోటు వదిలి, గవాచికి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆనాటి నుంచి లోపల నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ ఆయన అక్కడే ఉండేవాడు.

ఒక పొద్దున జవాన్లు ఆయన్ని పక్కకు జరగమన్నారు. భాష అర్థం కాకపోయినా చెయ్యూపు అర్థమయ్యే ఉంటుంది. జరగలేదు. తుపాకీ మడమతో భుజం మీద కొట్టిన చప్పుడు లోపలికి వినిపించింది. అవ్వ కాళ్ళ మీద పడుకున్న తమ్ముడు ఉలిక్కిపడి గొంతు చించుకుని ఏడ్చాడు. పుట్టాక వాడు అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. అమ్మ వాడి నోరు మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవనిచ్చింది. నేను గవాచిలోంచి చూస్తే, బాపు గోడ పట్టుకుని మళ్ళీ లేచి నిలబడుతున్నాడు.