పదమూడున్నర

లొరెయిన్ బతుకుతెరువు బడి బస్సు నడపడం. అయినా బఫెలో నగరపు కైజర్‌టౌన్ పేటలో ఆమెను బస్సు మనిషిగా ఎవరూ చెప్పుకోరు. వీధి మూలనున్న బారులో నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకునే మనిషిగానే అందరికీ తెలుసు. ఆ సుద్దముక్క మొగుడు కాజ్ చేతిది. ఆయన పోయాక దాన్ని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం బఫెలో జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేముందు ఆమె బల్లమీద ఓ అంకె వేస్తుంది. మనవాళ్ళు అన్ని పాయింట్లకు మించిన తేడాతో గెలుస్తారనుకునేవాళ్ళు ఎడమ గోడవైపు కూర్చోవాలి. అంత సీను లేదనుకునేవాళ్ళు కుడి గోడవైపు. ఓడిన గోడవాళ్ళు గెలిచిన గోడవాళ్ళ వాకిళ్ళలో మంచు ఎత్తిపోయాలి. డబ్బు ఊసే లేదు. జనవరిలో ఆ ఊరి మంచు ముందు డబ్బు ఏపాటి? గది సరిగ్గా సగానికి చీలితేనే అంకె వేసినవాళ్ళకు పేరు. వేసినవాళ్ళు మాత్రం ఏ గోడవైపూ కూర్చోకూడదు.

"లీగువాళ్ళు చేసేదీ ఇదేనే పిచ్చిదానా," అనేవాడు కాజ్. "అడుగున పడ్డ జట్టుకి కొత్త కుర్రాళ్ళని ముందు ఏరుకోమంటారు. ఎవడూ ఎక్కువకాలం విర్రవీగకూడదని. వాళ్ళు ఏళ్ళు పట్టి చేసేది మనం ఒక్క మధ్యాహ్నంలో చేసేస్తాం!"

ఏళ్ళ తరబడి అడుగున పడి ఏడ్చిన జట్టు, ఆ ఏరుకోవడాల పుణ్యమా అని ఈ ఏడు లేచి నిలబడింది. లొరెయిన్‌కు చిక్కు అక్కడే వచ్చిపడింది. ఎన్నిసార్లు గుండె పగిలిన ఊరది! పెద్ద అంకె వేస్తే జట్టుకు దిష్టి తగులుతుందేమోనని ఆమెకు చెయ్యి రాలేదు. వరసగా రెండు ఆదివారాలు చిన్న అంకెలే వేసింది. బారు మొత్తం ఎడమ గోడకు అతుక్కుపోయింది. కుడివైపు బల్లలు బోసిపోయాయి. మంచు ఎవరి వాకిలిది వాళ్ళే ఎత్తుకున్నారు.

"ఇలా అయితే ఆటెందుకు వదినా?" అన్నాడు కాజ్ తమ్ముడు నార్బర్ట్. జట్టు చొక్కా విప్పితే ప్రాణం పోతుందనుకునే రకం. "ఈ వారం కూడా గది చీలకపోతే ఆ సుద్దముక్క వదిలెయ్. ఫోన్‌లో పందెం కంపెనీలు చెప్పే అంకె పెట్టుకుందాం."

లొరెయిన్ పైకి నవ్వింది గానీ లోపల కలుక్కుమంది. కాజ్ వస్తువుల్లో ఆమె ఇంకా వాడుతున్నది అదొక్కటే.

ఆదివారం ఫోన్ ఆరు అంది. ఫోన్ అంకె దేశమంతటికీ. ఈ గదిలో ఉన్నది దేశం కాదు, పెళ్ళికి కూడా జట్టు టోపీ పెట్టుకొచ్చే జనం. వీళ్ళ ప్రేమకూ బరువు కట్టాలి. లొరెయిన్ మనసులోనే జట్టుకు క్షమాపణ చెప్పుకుని, తేడా సరిగ్గా అంకె దగ్గరే ఆగి తగువు రాకుండా అర కూడా కలిపి, పదమూడున్నర వేసింది.

"పదమూడున్నరా! మతిగాని పోయిందా వదినా? ఆరు చాలు, మహా అయితే ఏడు!" నార్బర్ట్ పడీపడీ నవ్వాడు.

ముందుగా చర్చిలో ఆర్గాన్ వాయించే డొలోరెస్ లేచింది. "దేవుడు క్షమించాలి, మంచెత్తడం నా నడుంవల్ల కాదు," అంటూ కుడివైపు వెళ్ళింది. ఆమె వెనకే ఒకరూ ఇద్దరూ తలలు దించుకుని జారుకున్నారు. చివరికి సగం లెక్కకు కుడివైపు ఒక్క కుర్చీ ఖాళీ. మధ్యలో నిలబడ్డది నార్బర్ట్ ఒక్కడే.

"ఏడుకి మించదన్నావుగా నాయనా," అంది లొరెయిన్ తాపీగా. "మరి నీ చోటు ఎటు?"

బారంతా గొల్లుమంది. నార్బర్ట్ చొక్కా మీది జట్టు బొమ్మను చేత్తో కప్పుకుని వెళ్ళి కుడివైపు కూర్చున్నాడు. గది సరిసగం చీలింది. సుద్దముక్క నిలిచింది.

ఆట ఆఖరుకు మనవాళ్ళు పద్నాలుగు పాయింట్లు పైన ఉన్నారు. గెలుపు ఖాయం, టీవీలో స్టేడియం జనం లేచి వెళ్ళిపోతున్నారు. బారులో మాత్రం ఒక్కడూ కదల్లేదు. అవతలి జట్టు పరువు కోసం మూడు పాయింట్ల తన్ను తన్నింది. బంతి కొయ్యల మధ్యనుంచి దూసుకుపోయింది. తేడా పదకొండుకు దిగింది.

"కొట్టాడ్రా నా బంగారం!" నార్బర్ట్ కుర్చీ మీదికెక్కి గంతేశాడు. మరుక్షణం తను ఎవరికోసం అరిచాడో తెలిసి బిక్కచచ్చిపోయాడు.

ఎడమ గోడవాళ్ళు జట్టు గెలిచినందుకు సంతోషించాలో, పారలు వెతుక్కోవాలో తెలియక తిట్టుకుంటూ నవ్వుతున్నారు. లొరెయిన్‌కు కళ్ళు తడిశాయి. ఈ గోల వినడానికి కాజ్ ఉండాల్సింది అనుకుంది.

నార్బర్ట్ కుర్చీ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. చొక్కా సర్దుకుంటూ, ఎవరూ వినకుండా అడిగాడు.

"వదినా, వచ్చేవారం ఎంత వేస్తావ్?"