అల్లుడుగారి కొబ్బరినీళ్ళు

స్టార్టప్ అనే మాట అప్పటికి రావులపాలెం దాటి మా ఊరి దాకా రాలేదు. ఎవరైనా అడిగితే మా అమ్మ, అల్లుడుగారు ఏదో పెడుతున్నారండి అని చెప్పేది. ఆ ఏదో ఏమిటంటే, కొబ్బరి బొండాం కొట్టి, నీళ్ళు వడగట్టి, పాలప్యాకెట్లు చేసే మిషన్‌లో పోసి, సీలు వేసి అమ్మడం. మా అక్క భర్త హైదరాబాదులో ఇంజినీరు ఉద్యోగం మానేసి దీనికోసమే వచ్చారు. నేను మోటార్లకి వైండింగ్ చేసే షాపు నడుపుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను, బడి కూడా నా కోసం పెద్దగా బెంగపెట్టుకోలేదు. మిషన్ చూసుకోవడానికి ఇంట్లో మనిషి ఉంటే మంచిదని షాపు షట్టర్ దింపించి నన్ను టెక్నికల్ డైరెక్టర్‌ని చేశారు. టెక్నికల్ పని నాది, డైరెక్షన్ ఆయనది.

మా కంపెనీకి ఉన్న ఆశంతా ఒక్క మనిషి మీద. రాజమండ్రిలో కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఆయన. ఊరంతా ఆయన చేతి మీదుగానే సరుకు వెళ్ళేది. ప్యాకెట్ నాలుగు రోజులు పాడవకుండా ఉంటే తనే అడిగి తీసుకుంటానన్నారు. ఆయన తీసుకుంటే వ్యాపారం ఉంది. లేకపోతే, కొట్టేసిన బొండాలున్నాయి, ఈగలున్నాయి.

మొదట చేసిన ప్యాకెట్లు మర్నాటికే గులాబీ రంగుకి తిరిగాయి. వాటిని కిటికీలో పెట్టి బావగారికి చూపించాను. ఐసులో పెట్టి చేస్తే సరిపోతుందన్నారు. ఐసులో పెట్టి చేశాం. ఈసారి రంగు ఒక పూట ఆలస్యంగా వచ్చింది. ఆయన దాన్ని ప్రోగ్రెస్ అన్నారు. ఇంకో నెల ఆగుదామని నేను నోరు తెరిచేలోగా అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అల్లుడుగారు మాట్లాడుతుంటే అడ్డు రావద్దని దాని అర్థం. మా ఇంట్లో అల్లుడికి ఉప్పు తక్కువైందని కూడా ఎవరూ చెప్పరు. అలాంటి ఇంట్లో కంపెనీ పెడితే, తప్పు అనే మాటని గుమ్మంలో చెప్పులు కూడా విప్పనివ్వకుండా వెనక్కి పంపేస్తారు.

ఇంతలో పంతులుగారు, శుక్రమూఢం వచ్చేస్తోంది, ప్రారంభోత్సవమైతే ఈ గురువారమే చేయాలి, తర్వాత చాలాకాలం మంచిరోజు లేదు అన్నారు. నీళ్ళకి మూఢం లేదు కదండీ అన్నాను. పంతులుగారు నవ్వారు, బావగారు నవ్వలేదు. మర్నాడే కార్డులు అచ్చుకి వెళ్ళాయి.

గురువారం పొద్దున్న మిషన్‌కి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, స్విచ్ నా చేతనే వేయించారు. అప్పటికప్పుడు పట్టిన నీళ్ళు, చల్లగా, తియ్యగా ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా బాగున్నాయండి, చాలా బాగున్నాయండి అన్నారు. నిజంగానే బాగున్నాయి. పెళ్ళికూతురు పెళ్ళిపీటల మీద బాగుండకుండా ఎలా ఉంటుంది? పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లతో భోజనాలయ్యాక ఏజెన్సీ ఆయన ఆటో నిండా ప్యాకెట్లు వేసుకుని వెళ్ళారు. మాకు సరుకు తయారవలేదు కానీ ప్రారంభోత్సవం మాత్రం బ్రహ్మాండంగా అయిపోయింది.

రెండు రోజులాగి బావగారు ఫోన్ చేస్తే, చూద్దామండి అన్నారట ఏజెన్సీ ఆయన. ఆ మాట పట్టుకుని ఇంకో లారీ బొండాలు దింపించారు. మా వైపు చూద్దామండి అంటే ఏమిటో చంటిపిల్లలకి కూడా తెలుసు. బావగారిదీ ఈ జిల్లాయే. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయనకి ఎవరూ కాదు అని చెప్పి ఎరగరు, చెవికి అలవాటు తప్పింది. కొబ్బరినీళ్ళ వాసనకి నాకు అన్నం సహించడం మానేసింది. నేనే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను.

ఏజెన్సీ ఆయన కుర్చీ వేయించారు, సోడా తెప్పించారు, అమ్మగారు బాగున్నారా అని అడిగారు. మా సరుకు గురించి తప్ప అన్నీ మాట్లాడారు. సోడా అయ్యేదాకా ఓపిక పట్టాను.

"నన్ను తిట్టండి బాబూ," అన్నాను. "ఇంత దూరం వచ్చాను, తిట్టకుండా పంపకండి."

ఆయన కొంచెంసేపు బల్ల తుడుచుకున్నారు.

"మీ బావగారి మొహం చూసి చెప్పలేకపోయానండి. ఊరి అల్లుడు, పైగా భోజనం పెట్టారు. ప్యాకెట్లు ఉబ్బిపోయి షాపుల్లో పగిలాయండి. ఒక షాపాయన తెచ్చి నా గుమ్మంలో పడేసి, ఇది తాగడానికా, కాళ్ళకి రాసుకునే పారాణా అన్నాడు."

"బాగుచేసి తెస్తే?"

"ఆర్నెల్లు ఆలస్యంగా తెచ్చినా తీసుకుందునండి. ఇప్పుడు మీ ప్యాకెట్ పట్టుకెళితే నా కూల్‌డ్రింకులు కూడా దింపనివ్వరు. ఇంక నా వల్ల కాదండి."

నా జన్మలో అంత స్పష్టమైన మాట గోదావరికి ఈ గట్టున గానీ ఆ గట్టున గానీ వినలేదు. అదే మాట మా ఇంట్లో ఒక్కరు, ముహూర్తానికి ముందు అనగలిగి ఉంటే ఎంత బాగుండేదో. తిరుగుబస్సులో నవ్వాలో ఏడవాలో తెలియక టిక్కెట్టు నమిలేశాను.

సాయంత్రం బావగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విని, మర్యాద తెలియని మనిషిలా ఉన్నాడే అన్నారు. కాకినాడలో ఇంకొక ఏజెన్సీ ఉందట, పొద్దున్నే బయల్దేరాలట.

"నేను రానండి బావగారూ. ఇంక మిషన్ జోలికి కూడా రాను. నా షాపు నేను తెరుచుకుంటాను."

ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఈ ఇంటి అల్లుడితో ఎవరైనా కాదని చెప్పడం అదే మొదలు. ఆయన కోప్పడతారనుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"మొహమాటపడకురా. ఖర్చులన్నీ కంపెనీవే."

పొద్దున్న లేచేసరికి వీధిలో ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి ఉంది. వెనక సీటు తుడిచి పెట్టారు. అమ్మ నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది.